బాగా చెప్పారు పిల్లలూ

మా చెల్లెలు మేరి ఇంట్లో ఇప్పుడు పొద్దునపూట ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు. కుక్కరు కూత పెట్టేలోగా పొయ్యి కట్టేస్తారు. వీధి తలుపు మూసి, కిటికీ రెక్కలు దగ్గరికి లాగి, ఆఖరికి ఫ్యాను కూడా ఆపేస్తారు. ఆగస్టులో ఫ్యాను ఆపుకుని కూర్చోవడమంటే ఏమిటో నంద్యాలలో ఉన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు, లేనివాళ్లకు చెప్పినా అర్థం కాదు. కర్నూలు బస్సు దిగి చేతిసంచీతో గుమ్మంలోకి వచ్చిన నేను, ఇంట్లో ఎవరికో ప్రాణం మీదికి వచ్చిందనుకున్నాను. ఏమైందని అడగబోతే మేరి చెయ్యి అడ్డం పెట్టింది. "గమ్మునుండక్కా. దీవెన సదువుతాంది. నీ గొంతు గూడా దాంట్లో పడితే మళ్లా ఎర్రగా వస్తాది."

దీవెన మేరి కొడుకు కూతురు. నాలుగో తరగతి. నడిమింట్లో చాప మీద గొంతుక్కూర్చుని, ఎదురుగా చెంబుకు ఆనించి పెట్టిన ఫోన్‌కేసి చూస్తోంది. ఫోన్‌లో ఒక వాక్యం వస్తుంది. పిల్ల దాన్ని పైకి చదవాలి. ఫోన్ వింటుంది. సరిగ్గా చదివితే మాటలు పచ్చగా మారతాయి, లేకపోతే ఎర్రగా. కింద ఒక సన్నటి గీత తరిగిపోతూ ఉంటుంది, అది అయిపోయేలోగా వాక్యం ముగించాలి. దీవెన నోరు తెరిచింది. "ప... ప... ప..." మెడ మీద నరం లేచింది, కాలి బొటనవేలు చాపను గీరింది, గీత అయిపోయింది. వాక్యం మొత్తం ఎర్రబడింది. లోపలి నుంచి ఒకావిడ తేనె పూసిన గొంతుతో "పరవాలేదు, మళ్లీ ప్రయత్నించండి" అంది. వంటింటి గుమ్మంలో నిలబడ్డ మేరి కళ్లు గట్టిగా మూసుకుంది.

శుక్రవారం బళ్లో ఇదే పరీక్ష ఉంది, ట్యాబ్ మీద. పేరు ఎర్రగా వచ్చిన పిల్లల్ని వరండాలో వేరే కూర్చోబెట్టి అఆల దగ్గర్నుంచి మళ్లీ దిద్దిస్తారు. దీవెన పోయినసారి పరీక్ష నుంచి అక్కడే ఉంది. బొరుగుల పొట్లం కాగితాన్ని కూడా విప్పి చదవకుండా వదలని పిల్ల, వరండాలో కూర్చుని పలక మీద అ పక్కన ఆ రాస్తోంది. ఈసారి కూడా ఎర్ర వస్తే ఇంక బడికి పోనని తేల్చి చెప్పేసిందట. పిల్ల మాట మీద నిలబడే రకమని మేరి భయం. ఆ మొండితనం ఎవరి పోలికో మేరి నా మొహంలోకి చూస్తూ చెప్పింది.

నత్తి మా వంశపు ఆస్తి. నాయన సంపాదించిన రెండు చెక్కల భూమి పంపకాల్లో ముక్కలయి ఎటో పోయింది గానీ, నత్తి మాత్రం చెక్కుచెదరకుండా నాకొక్కదానికే దక్కింది. మేరి దాన్ని తప్పించుకుంది, మేరి కొడుకు తప్పించుకున్నాడు, ఇప్పుడు ఈ పిల్ల దగ్గర తేలింది. ఇప్పటికీ బ్యాంకుకు ఫోన్ చేస్తే అవతల మాట్లాడే యంత్రం నా పేరు చెప్పమంటుంది. కరుణ అన్న మూడక్షరాలకు నేను పడే యాతన విని, "మీరు చెప్పింది అర్థం కాలేదు" అని పెట్టేస్తుంది. బ్యాంకుకైతే నడిచి వెళ్తాను, అదొక పెద్ద సంగతి కాదు. తొమ్మిదేళ్ల పిల్ల బడికి నడిచి వెళ్లాక కూడా అదే మాట వినాల్సి వస్తే ఎట్లా? ఆ పూట నాకు మేరి పెట్టిన ఉప్మా దిగలేదు. ఆ తేనె గొంతు చెవుల్లో తిరుగుతూనే ఉంది. దాని వెనకనుంచి, చాలా దూరం నుంచి, ఇంకో ఆడగొంతు వినిపించడం మొదలయింది.

మా ఊరు ఆళ్లగడ్డకు అవతల, కాలవ నీళ్లు ఎక్కని మెట్ట మీద. వేరుశనగను మేం చెనిక్కాయ అంటాం, అదీ, జొన్నా, కొర్రా తప్ప వేరే పంట ఎరగం. మా అమ్మ ఎస్తేరమ్మ ఆ ఊరి బడికి ఏకైక పంతులమ్మ. అయిదు తరగతులూ ఒకే గది, ఒకే నల్లబల్ల, ఒకే అమ్మ. తెల్లారుజామున ఆమె జొన్నరొట్టె తడుతున్న చప్పుడుకు మాకు మెలకువ వచ్చేది. రొట్టె పెనం మీద వేసి, అది కాలేలోపు నన్ను పిలిచేది. మాటలు బాగా వస్తాయని సానరాయి మీద వసకొమ్ము అరగదీసి, తేనెలో రంగరించి, చూపుడు వేలితో నా నాలుక మీద రాసేది. వస వాసన ఎరిగినవాళ్లకు తెలుసు, అది ముక్కులోంచి నేరుగా తలకెక్కి కూర్చుంటుంది, మధ్యాహ్నం సద్దిలో కూడా అదే వాసన. ఊళ్లో ఎక్కువ మాట్లాడే పిల్లల్ని వసపిట్టలనేవాళ్లు. ఊరందరికంటే ఎక్కువ వస తిన్నది నేను, ఊరందరికంటే తక్కువ మాట్లాడిందీ నేనే. ఈ సంగతి చెప్పి మా నాయన నవ్వబోయి, అమ్మ మొహం చూసి ఆపుకునేవాడు.

బడికి రేడియో వచ్చిన రోజు ఊళ్లో పెళ్లి సందడి. సమితి ఆఫీసు వాళ్లు జీపులో తెచ్చి, పిల్లల పాఠాలు వస్తాయి, వినిపించమని చెప్పి అమ్మ చేతిలో పెట్టి పోయారు. బడికి తలుపు సరిగా లేదు, కప్పు కారుతుంది, అందుకని అది మా ఇంట్లో ఉండేది. అమ్మ తన పాత చీర కోసి దానికి గలేబు కుట్టింది. నాయన దాన్ని బైబిలు పెట్టే గూట్లోనే, బైబిలుకు కాస్త కిందగా పెట్టాడు. పాఠం ఉన్న రోజుల్లో అమ్మ దాన్ని చంటిబిడ్డలా చంకనెత్తుకుని బడికి నడిచేది. దారిలో ఆడవాళ్లు, "ఏం టీచరమ్మా, బిడ్డ ఏడుస్తాందా?" అని ఎగతాళి చేసేవాళ్లు. అమ్మ ఊరికే ఉండేది కాదు. "పాలిస్తే గానీ ఏడవదు, బ్యాటరీలు తెచ్చియ్యండి" అనేది.

ఆ పెట్టెలోంచి రేడియో అక్కయ్య వచ్చేది. ఆమె పేరేమిటో ఎప్పుడూ చెప్పలేదు, మాకు రేడియో అక్కయ్యే. "పిల్లలూ, బాగున్నారా? ఏదీ, మీ పేర్లు గట్టిగా చెప్పండి!" అనేది మొదట. అని ఆగేది. ఆ ఆగిన కాస్త సేపట్లో మేమంతా కప్పు ఎగిరిపోయేట్టు మా పేర్లు అరిచేవాళ్లం. అరుపు అయ్యీ అవ్వకముందే, "భలే! ఎంత చక్కని పేర్లో! బాగా చెప్పారు పిల్లలూ" అని ఆమె నవ్వేది. ఇక్కడే నా బతుకులో పెద్ద వింత జరిగింది. అందరితో పాటు అరిచేటప్పుడు నా పేరు నా నోట్లోంచి వానచుక్క జారినట్టు జారిపోయేది. క దగ్గర అడ్డం పడే బండ అక్కడ ఉండేది కాదు. ఆదివారం చర్చిలో కీర్తనలు పాడేటప్పుడు కూడా అంతే. గుంపులో గొంతు కలిస్తే నత్తి ఎటు పోతుందో, ఒంటరిగా నిలబడగానే ఎటునుంచి వచ్చి పడుతుందో నాకు ఇప్పటికీ ఎవరూ తృప్తిగా చెప్పలేదు. అప్పుడు మాత్రం నాకొక్కటే తెలుసు. రేడియో అక్కయ్య నా పేరు విన్నది. విని, చక్కగా ఉందన్నది. ఇంట్లో, వీధిలో, బావి దగ్గర నా మాట కోసం ఎవరు ఆగినా వాళ్ల మొహంలో జాలో నవ్వో ఉండేది. ఆమెకు మొహమే లేదు. నాకు ఆమె అంటే పిచ్చి ప్రేమ.

ఆమె మమ్మల్ని వింటుందన్న విషయంలో ఊళ్లో ఏ పిల్లకీ అనుమానం లేదు. ఒకసారి పంటల పాఠం వచ్చింది. "మీ ఊరి పొలాల్లో ఎక్కువగా ఏం పండిస్తారు?" అని అడిగి ఆగింది. "చెనిక్కాయ!" అని అరిచాం. "అవును, వరి! బాగా చెప్పారు" అంది రేడియో అక్కయ్య. ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఆమెకు వినపడలేదని మాలో ఒక్కరికీ తోచలేదు. చదువుకున్న మనిషి, పైగా పట్నం మనిషి, మెత్తగా మా తప్పు దిద్దిందనుకున్నాం. కొన్నాళ్లకు బడి తనిఖీకి ఆళ్లగడ్డ నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చి అదే ప్రశ్న అడిగితే, కలిసికట్టుగా "వరి!" అన్నాం. చుట్టూ కనుచూపు మేర చెనిక్కాయ చేలు. ఇన్‌స్పెక్టరు కిటికీలోంచి బయటికి చూశాడు, అమ్మ నేలచూపులు చూసింది. సాయంత్రం ఈ కథ విని నాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. "మన చేన్లో వరి యాడుందే? నాకు జెప్తే నేను గూడా పోయి కోసుకొస్తా గదా!" అన్నాడు. అమ్మ మాత్రం నవ్వలేదు. ఆ రోజు నుంచి ఆమె రేడియోను చంకనెత్తుకోవడం మానేసి గంపలో పెట్టుకుని నడిచేది.

మా ఊరి బడి అయిదో తరగతితో అయిపోతుంది. ఆ పైన చదవాలంటే ఆడపిల్లకు నంద్యాలలో హాస్టలున్న బడి ఒక్కటే దారి. దాంట్లో చేరాలంటే అక్కడి హెడ్‌మిస్ట్రెస్ ఎదుట నిలబడి పేరు చెప్పాలి, ఊరు చెప్పాలి, చూపించిన పాఠం పైకి చదవాలి. ఆమె చాలా కచ్చితమైన మనిషని, నోరు తిరగని పిల్లల్ని వెనక్కి పంపేస్తుందని ఊరూరా చెప్పుకునేవాళ్లు. సీటు రాకపోతే నేను చేలో కలుపు తీస్తూ ఉండిపోవాలి. అది నాకు తెలుసు, అమ్మకు తెలుసు. నాయనకూ తెలుసు గానీ ఆయన భయం వేరు. "ఆడ అడుగుతారు. ఇది నిలబడిపోతాది. పదిమంది నగుతారు. నా బిడ్డను నగిపిచ్చేదానికి నేను బస్సు ఎక్కల్నా?" అనేవాడు. "నగితే నగనీ, పండ్లు రాలిపోతాయా?" అనేది అమ్మ. ఎండలు మొదలయినప్పటి నుంచి మా ఇంట్లో అన్నం ముందు ఇదే పోట్లాట. నేను మాత్రం నిబ్బరంగా ఉండేదాన్ని. రేడియో అక్కయ్యకు చెప్పగలిగినదాన్ని హెడ్‌మిస్ట్రెస్‌కు చెప్పలేనా అని నా ధైర్యం. ఆ ధైర్యం చూసే అమ్మ భయపడిందని నాకు చాలా ఏళ్ల తర్వాత గానీ అర్థం కాలేదు.

సెలవులిచ్చే ముందు ఆఖరి పాఠం. రేడియో అక్కయ్య రాకముందే అమ్మ చేతిలో బెత్తం పట్టుకుని మా ముందు నిలబడింది. ఆమె బెత్తం పట్టుకోవడం అరుదు. "ఈ పొద్దు ఎవరూ నోరు తెరవగాకండి. ఆమె ఏమడిగినా సరే. తెరిస్తే చూడండి" అంది. ఎందుకని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. రేడియో అక్కయ్య వచ్చింది. "పిల్లలూ, బాగున్నారా? ఏదీ, మీ పేర్లు గట్టిగా చెప్పండి!" ఆగింది. ఎవరూ పలకలేదు. బయట ఎవరిదో మేక అరిచింది. ఈగలు తిరుగుతున్న చప్పుడు వినిపించింది. పాపం ఆమె మా కోసం చూస్తోంది, ఏమనుకుంటుందో అని నా బెంగ. అప్పుడామె ఎప్పటిలాగే, అదే నవ్వుతో, "భలే! ఎంత చక్కని పేర్లో! బాగా చెప్పారు పిల్లలూ" అంది.

మొదట ఎవరో కిసుక్కుమన్నారు, తర్వాత గదంతా పడీ పడీ నవ్వింది. నేను నవ్వలేదు. నా నెత్తిన ఎవరో బండ పడేసినట్టయింది. లేచి బయటికి పరుగెత్తాను. అమ్మ వెనకే వచ్చి నన్ను గోడ దగ్గర పట్టుకుంది. "దానికి చెవుల్లేవు పాపా. అది చెవిటిది. నువ్వు దాన్ని నమ్ముకోని నంద్యాలకు పోతే ఆడ కూలబడతావు. అందుకే చేసినా" అంది. నేను ఆమె చెయ్యి విదిలించుకున్నాను. అంత కోపం నాకు మా అమ్మ మీద అంతకు ముందు రాలేదు, తర్వాత రాలేదు. ఆ రోజు నుంచి నేను ఇంట్లో అసలు మాట్లాడటం మానేశాను. నత్తిగా కూడా కాదు, అసలే. పొద్దున వస రాయబోతే పళ్లు బిగించేదాన్ని. అమ్మ కాసేపు వేలు అలాగే పట్టుకుని నిలబడి, చివరికి ఆ తేనె తన నాలుకకే రాసుకుని వెళ్లిపోయేది. నాయన మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూసేవాడు. "ఉన్న నాలుగు మాటలు గూడా పాయె" అన్నాడొకరోజు, ఎవరినీ ఉద్దేశించకుండా. గూట్లో రేడియో గలేబు ముసుగేసుకుని కూర్చునే ఉంది.

నంద్యాలకు అమ్మా నేనూ బస్సెక్కాం. ఆళ్లగడ్డలో బస్సు మారేటప్పుడు అమ్మ నాకు సోడా కొనిచ్చింది. తాగాను గానీ మాట్లాడలేదు. దారి పొడుగునా ఆమె ఒక్క మాట కూడా నేర్పించబోలేదు, జాగ్రత్తలు చెప్పలేదు. చెప్పి ఉంటే బస్సులోంచి దూకి ఉండేదాన్ని. బడి వరండాలో తల్లులంతా బయటే ఆగిపోవాలన్నారు. లోపల వరుసలో నా ముందున్న పిల్లలు గడగడా పేర్లు చెప్పి, గడగడా చదివి, గంతులేస్తూ బయటికి పోతున్నారు. నా వంతు వచ్చింది. బల్ల వెనక తెల్లచీరలో సన్నటి మనిషి, కళ్లద్దాలు. "నీ పేరేందమ్మా?" అంది. నేను నోరు తెరిచాను. క దగ్గర బండ. ఎంత తోసినా కదలదు. ఊపిరి బిగిసి కళ్లలో నీళ్లు తిరిగాయి. పక్కనున్న ఆయా, "ఈ పాపకు మాటలు రావేమోనమ్మా" అంది. గుమ్మం బయట అమ్మ గాజులు చప్పుడయ్యాయి. ఆమె లోపలికి రాబోయి ఆగిందని ఆ చప్పుడును బట్టే నాకు తెలిసింది.

హెడ్‌మిస్ట్రెస్ నా మొహం చూసింది, గోడ గడియారం చూసింది. లేచి, "నాతో రా" అని వెనక స్టోరు గదిలోకి నడిచింది. అయిపోయింది, వెనక దారిన పంపేస్తోంది అనుకున్నాను. ఆ గదిలో హాస్టలు బియ్యం చేటల్లో పోసి ఉన్నాయి. ఒక చేట తను తీసుకుని, ఇంకోటి నా ముందుకు తోసి, "కూచో. రాళ్లేరుదాం. వంటామె కేకలేస్తాంది" అంది. కూర్చున్నాను. ఆమె తల వంచుకుని రాళ్లేరుతోంది. నేనూ ఏరుతున్నాను. నల్లరాయి ఇట్టే దొరుకుతుంది, తెల్లరాయి బియ్యంలో కలిసిపోయి ఏమారుస్తుంది, దాని మీదే చూపంతా పెట్టాలి. ఆమె నాకేసి చూడలేదు. అడిగిన మాట మళ్లీ అడగలేదు. వరండాలో పిల్లలు, తల్లులు, ఎండ, అంతా ఉన్నాయని మర్చిపోయాను. చాలాసేపటికి నా నోట్లోంచి, నేను తోయకుండానే, "క... క... కరుణ" అని వచ్చింది.

ఆమె తల ఎత్తలేదు. "యా ఊరు?" అంది. చెప్పాను, ఊరి పేరు రెండుచోట్ల విరిగింది. "మీ ఊర్లో ఏం పండుతాది?" అంది. వరి అనబోయి నాలుక కరుచుకున్నాను. "చె... చెనిక్కాయ" అన్నాను. అప్పుడామె చెయ్యి ఆగింది. "నూనె ఎట్లుంటాది మీ తావుది? మాకు ఈడ వచ్చే నూనె అంతా మడ్డి వాసన" అంది. నేను తలెత్తి ఆమెకేసి చూశాను. నిజంగా తనకు తెలియకే అడుగుతోంది! అంతవరకు నన్ను ఎవరు ఏమడిగినా, జవాబు వాళ్ల దగ్గర ముందే ఉండేది. నేను ఒప్పజెప్పాలి, అంతే. ఈమెకు మా ఊరి నూనె సంగతి నేను చెబితే తప్ప తెలియదు. చెప్పాను. గానుగ సంగతి, తెలికపిండి సంగతి, నాయన దాన్ని ఎద్దుకు పెట్టే సంగతి, నత్తి పడుతూ, లేస్తూ, ఆగకుండా చెప్పాను. చేట అయిపోయేదాకా చెప్పాను. పాఠం చదవమని ఆమె అడగనే లేదు.

బయటికి వచ్చేసరికి అమ్మ ఎండలోనే నిలబడి ఉంది, నీడ పక్కనే ఉన్నా. "చెప్తివా?" అంది. "చెప్తి" అన్నాను. అన్నాళ్లకు నేను ఆమెతో అన్న మొదటి మాట అది. అమ్మ అక్కడే, అంతమంది తల్లుల మధ్య, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నా కోపం ఆ ఏడుపులో ఎటు కొట్టుకుపోయిందో నాకు తెలియదు.

సీటు వచ్చింది. చదువయ్యాక నేను పాఠాలు చెప్పుకునే బతికాను, నత్తితోనే. నా కళ్ల ముందే రేడియో పోయి టీవీ వచ్చింది, క్యాసెట్లు వచ్చాయి, గోడంత తెరలు వచ్చాయి, కరోనా ఏడు బడి మొత్తం ఫోన్‌లోకి దూరింది. ప్రతిసారీ జీపులో ఎవరో వచ్చి, ఇదిగో ఇంక పిల్లల కష్టాలు తీరాయని చెప్పి పోయారు. నేను వీటికి శత్రువును కాను. ఆ పెట్టె లేకపోతే మా మెట్ట ఊళ్లో నాకు పుస్తకాల తెలుగు చెవిన పడేది కాదు, పేరు నోరారా అరవడమంటే ఎంత సుఖమో తెలిసేది కాదు. దీవెన కూడా చదవడం నేర్చింది బళ్లు మూసిన ఆ రోజుల్లో, ఈ ఫోన్‌లోనే. కానీ పాతదానికీ కొత్తదానికీ ఉన్న తేడా నన్ను నిద్రపోనివ్వదు. రేడియో చెవిటిదే గానీ దానికి దయ ఉంది, పలకని పిల్లల్ని కూడా మెచ్చుకునేది. ఫోన్‌కు చెవులు మొలిచాయి, దయ పోయింది. పైగా రేడియో విన్నదేమిటో ఎవరూ అడగలేదు. ఫోన్ విన్నదాన్ని మాత్రం అందరూ నమ్ముతారు, పక్కనే నిలబడి తమ చెవులతో విన్నవాళ్లు కూడా.

శుక్రవారం నేనూ బడికి వెళ్లాను. పాత పంతులమ్మనని చెబితే, దీవెన వాళ్ల టీచరు శిరీష వెనక కుర్చీ వేసింది. చిన్నపిల్ల, కళ్ల కింద నలుపు. కిటికీలు మూశారు, ఫ్యాను ఆపారు. ఒక్కొక్కరూ వచ్చి ట్యాబ్ ముందు నిలబడి చదివిపోతున్నారు. అదేదో సముద్రం కథ, చేపలు పట్టేవాళ్లు తుఫానులో పడవ వేసుకుని వెళ్తారు. దీవెన వరండాలోంచి లోపలికి వచ్చింది. గౌను అంచు పిడికిట్లో నలుపుతోంది. "ప... ప..." పడవ అన్న మాట. ఎర్ర. "మళ్లీ ప్రయత్నించండి." ఎర్ర. మూడోసారి "పడ" దాకా వచ్చింది, నేను కుర్చీ అంచుకు జరిగాను, గీత అయిపోయింది. తెర మూసుకుంది. దీవెన ఏడవలేదు. తిరిగి వరండాకేసి కూడా నడవలేదు. గేటు వైపు చూసింది. ఇంక బడికి పోనన్న మాట నాకు గుర్తొచ్చింది.

"టీచరమ్మా, ఈ పిల్లకు చదవనొస్తాది" అన్నాను లేచి. శిరీష ట్యాబ్ పొట్టకు ఆనించుకుని నిలబడింది. "నాకు తెలుసు మేడమ్. మొదట్నుంచీ తెలుసు. నాకు తెలిసిందాన్ని దీంట్లో ఎక్కిచ్చే తావు లేదు. ఎర్రపేర్లు పైకి పోతాయి. వాళ్లను వేరే కూచోబెట్నట్టు ఫోటో పంపమంటారు. పంపకపోతే నన్ను అడుగుతారు" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. "మ... మ... మరి..." అన్నాను. అంతే. ఇన్నేళ్ల పాఠాలూ ఎటు పోయాయో, గదినిండా పిల్లలు చూస్తుండగా నా మాట నిలిచిపోయింది. ఎవరూ నవ్వలేదు. దీవెన గేటు మీద నుంచి చూపు తిప్పి నాకేసి చూసింది. "మరి పైనోళ్లు అడిగితే... చె... చెప్పు. నీ చెవులతో విన్యానని చెప్పు" అని ఎలాగో ముగించాను.

శిరీష నన్నూ ఆ పిల్లనూ చూసింది. ట్యాబ్ తెరిచి ఏదో నొక్కింది, తెర మీద మైకు బొమ్మకు అడ్డగీత పడింది. కథ మొత్తం వచ్చేట్టు తిప్పి దీవెన ముందు పట్టుకుంది. "ఇప్పుడిది వినదు. నాకు చదువు" అంది. ఒకరు లేచి ఫ్యాను వేశారు. దీవెన చదివింది. పడవ దగ్గర ఆగింది, తుఫాను దగ్గర ఆగింది, తెరచాప దగ్గర మరీ ఎక్కువసేపు ఆగింది. మధ్యలో అన్నం గంట కొట్టారు, వంటగది నుంచి సాంబారు వాసన వచ్చింది. పిల్లలు కదలబోతే శిరీష చేత్తోనే కూర్చోమంది. పడవ ఒడ్డుకు వచ్చేదాకా అందరం కూర్చున్నాం.

"ఈ పాప పేరు ఎర్రలోనే ఉంటాది మేడమ్, అది నా చేతిలో లేదు" అంది శిరీష నాతో. "పిల్ల మాత్రం ఈడే కూచుంటాది. ఎవరొచ్చి అడిగినా సరే." దీవెన ఆ మాట విని వరండాలోకి వెళ్లి తన సంచి తెచ్చుకుంది. రెండో బల్ల దగ్గర నిలబడి, చివర కూర్చున్న పిల్లతో, "జ... జ... జ..." అంది. ఎందుకొచ్చిందో చూస్తేనే తెలుస్తోంది. అయినా ఆ పిల్ల కదలకుండా దీవెన మొహంలోకి చూస్తూ కూర్చుంది. "జరుగు" అన్న మాట పూర్తిగా బయటికి వచ్చాక, అప్పుడు జరిగింది.